కొచ్చి యూదులవీథి

కేరళదేశమున మట్టాంచేరియందలి యూదులవీథి కొనను 1568లోఁ గట్టఁబడిన పరదేశి ప్రార్థనామందిరము కలదు. పరదేశి యనఁగా నన్యదేశమునుండి వచ్చినవాఁడు. అయినను నీ మందిరము రాజప్రాసాదమునకు మిగులఁ జేరువనున్నది. ఇది యాదృచ్ఛికము కాదు. యూదులకుఁ గొచ్చిరాజు తన ప్రాసాదముచెంతనే భూమి నొసఁగెను.

1662లోఁ బోర్చుగీసువారు మందిరమును దగ్ధముచేసిరి. 1663లో డచ్చివారు కొచ్చిని గెలిచిన పిదప నది పునరుద్ధరింపఁబడెను. 1760 ప్రాంతమున యెజెకియేల్ రహబీ గడియారపు గోపురమును గట్టించెను. నేలను జీనాదేశపు నీలిచిత్రముల పలకలు పఱచిరి.

క్రీ. శ. 1000 ప్రాంతమునఁ జేరరాజు భాస్కర రవివర్మ జోసఫ్ రబ్బానున కొసఁగిన తామ్రశాసనము దేశభాషలోనే యున్నది. 1948 తరువాత యూదులలోఁ బెక్కండ్రు ఇజ్రాయేలునకుఁ దరలిపోయిరి. జనము తొలఁగినను, రాజాదరమునకు శాసనము సూత్రముగను, వీథి భాష్యముగను నిలిచియున్నవి.