రోమానీ భాష

యూరప్ దేశాలన్నిటా చెదిరి ఉన్న రోమా ప్రజల భాష రోమానీ. హిందీ, పంజాబీ, మరాఠీలు పుట్టిన ఇండో-ఆర్య కుటుంబమే దీనిదీ. అయితే ఆ తోబుట్టువులెవరూ లేని నేల మీద ఇది కొన్ని వందల ఏళ్లుగా బతుకుతోంది. మాట్లాడేవారు 35 లక్షలకు పైనే ఉంటారని భాషావేత్తల అంచనా. కచ్చితమైన లెక్క తేలదు. జనగణన అధికారి ముందు తమ భాష పేరు చెప్పడానికి జంకే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. సొంత దేశం, అందరూ ఒప్పుకున్న ప్రామాణిక రూపం లేకపోవడం ఈ భాష చరిత్రనంతా మలిచింది. నేర్చుకోబోయేవారికి ఎదురయ్యే చిక్కులు కూడా చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే.

మూలం బయటపడిన తీరు

రోమాలు పశ్చిమ యూరప్ చేరినప్పుడు వాళ్లు ఈజిప్టు నుంచి వచ్చారని అక్కడివాళ్లు నమ్మారు. ‘జిప్సీ’ అన్న పేరు అలా వచ్చిందే. చాలామంది రోమాలకు ఆ పిలుపు గిట్టదు. ఇంగ్లండు వైద్యుడు ఆండ్రూ బోర్డ్ 1547లో అచ్చయిన తన పుస్తకంలో కొన్ని రోమానీ వాక్యాలను చేర్చాడు, అదీ ఈజిప్టు భాష అనుకునే. అసలు సంగతి తేలడానికి మరో రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. 1782లో జర్మన్ పండితుడు యోహాన్ రూడిగర్ ఒక రోమానీ మహిళ చేత వాక్యాలు చెప్పించుకుని, వాటి వ్యాకరణాన్ని హిందుస్తానీతో పోల్చి చూపాడు. మరుసటి ఏడు గ్రెల్మన్ అనే మరో జర్మన్ పండితుడు తెచ్చిన పుస్తకానికి పేరెక్కువ వచ్చింది గాని, పద్ధతిగా ఆలోచించినవాడు రూడిగరే. 1870లలో భాషావేత్త ఫ్రాంజ్ మిక్లోసిచ్ మాండలికాల్లోని ఎరువు మాటలను వరుసగా పేర్చి, రోమాలు నడిచిన దారిని గుర్తించాడు. రోమానీ మొదట హిందీ పూర్వరూపాలున్న మధ్య భారత ఆర్య భాషల దగ్గర పుట్టి, తర్వాత వాయవ్యానికి జరిగిందని 1926లో భాషావేత్త రాల్ఫ్ టర్నర్ వాదించాడు. నేటికీ ఎక్కువమంది పండితులు ఆ వాదాన్నే అంగీకరిస్తారు.

తెలుగునాట లంబాడీలనూ రోమాలనూ ఒకే జాతిగా కలిపి చెప్పడం వింటుంటాం. భాష మాత్రం అందుకు సాక్ష్యం చెప్పదు. లంబాడీల గోర్ బోలి రాజస్థానీ భాషలకు దగ్గర; రోమానీ ఎప్పుడో వేరుపడి వేరే దారి పట్టింది. పోలికలు రెండూ ఇండో-ఆర్య భాషలు కావడం వల్ల వచ్చినవి.

రోమాలు తమ ప్రయాణం గురించి ఏ గ్రంథమూ రాసుకోలేదు. ఆ కథ తెలియాలంటే వాళ్ల మాటలనే అడగాలి. నీళ్లు పానీ, ముక్కు నఖ్, నలుపు కాలో, మనిషి మనుష్. సంస్కృతంలోని భ, ధ, ఘ రోమానీలో ఫ, థ, ఖ అయ్యాయి (ఈ ఫకారాన్ని ‘ఫలం’లో లాగా ఒత్తి పలకాలి): భూమి ఫువ్, ధూమం థువ్, భ్రాత ఫ్రాల్. మనకు చెమటగా మిగిలిన ఘర్మం వాళ్లకు ఖామ్, అంటే సూర్యుడు. త్రిశూలం త్రుషుల్ అయి క్రైస్తవుల శిలువకు పేరైంది. ఆ పైన పారశీకం నుంచి అదృష్టానికి బఖ్త్, అర్మేనియన్ నుంచి గుర్రానికి గ్రస్త్ చేరాయి. అన్నిటికంటే లోతుగా దిగింది గ్రీకు. యెఖ్, దుయ్, త్రిన్ అని ఇండో-ఆర్య లెక్కతో మొదలుపెట్టి ఆరు దాకా వచ్చాక, ఏడు, ఎనిమిది, తొమ్మిదికి ఎఫ్తా, ఒఖ్తో, ఎన్యా అని గ్రీకు మాటలు అందుకుంటారు. పదికి మళ్లీ దేష్. గ్రీకు మాట్లాడే బైజాంటియం సామ్రాజ్యంలో తరాల తరబడి నివసిస్తే తప్ప అంకెలు అలా మారవు.

మాండలికాలు

బాల్కన్, వ్లాఖ్, మధ్య, ఉత్తర మాండలికాలని స్థూలంగా నాలుగు గుంపులు చెబుతారు. వలాకియా, మోల్దావియాలలో రోమాలు 1850ల వరకు బానిసలుగా ఉన్నారు. అక్కడ రుమేనియన్ ప్రభావంతో రూపుదిద్దుకున్నవే వ్లాఖ్ మాండలికాలు. కల్దెరాష్, లోవారి ఈ గుంపువే. అక్కడి నుంచి జరిగిన వలసలు వాటిని అమెరికా ఖండాల దాకా చేర్చాయి. ఉత్తరాన జర్మనీలోని సింతీల మాట మరో కొస. తేడాలు చిన్నవిగా కనబడినా వినేవారిని తికమక పెడతాయి: రోమా కుర్రవాడు ఒకచోట ఛావో, వ్లాఖ్ వాళ్లకు షావో, ‘వెళ్లాను’ అనడానికి ఒకరు గెల్యోమ్ అంటే మరొకరు గెలెమ్ అంటారు. వీటికి తోడు ఒకరు జర్మన్ నుంచి, ఇంకొకరు టర్కిష్ నుంచి తెచ్చుకున్న మాటలు కలిస్తే సంభాషణ సాగదు.

కొన్నిచోట్ల వ్యాకరణం పూర్తిగా పోయి మాటలే మిగిలాయి. స్పెయిన్ రాజు మూడవ చార్లెస్ 1783లో రోమాల వేషభాషలను నిషేధించాడు. అక్కడి రోమాల నేటి మాట ‘కాలో’ స్పానిష్ వ్యాకరణంలో ఒదిగిన రోమానీ పదజాలం. ఇంగ్లండులోనూ అదే జరిగింది. స్నేహితుణ్ని ‘పాల్’ అని పిలిచే ఆంగ్లేయుడు పలుకుతున్నది ఫ్రాల్‌నే.

రాత, బోధన

సోవియట్ రష్యాలో 1920ల చివర సిరిలిక్ లిపిలో రోమానీ పుస్తకాలు వెలువడ్డాయి, 1931లో మాస్కోలో రోమెన్ థియేటర్ వెలిసింది. 1938కల్లా ప్రభుత్వం ప్రచురణలను ఆపేసింది. 1971లో లండన్ దగ్గర మొదటి ప్రపంచ రోమానీ మహాసభ జరిగింది. 1990లో వార్సా మహాసభ భాషావేత్త మార్సెల్ కూర్తియాద్ రూపొందించిన లిపిని ఆమోదించింది. ఒకే అక్షరాన్ని ఎవరి మాండలికంలో వారు పలుక్కోవచ్చన్నది దాని ఆలోచన. తెలివైనదే, కాని రుమేనియా పాఠశాలలను దాటి పెద్దగా వాడుకలోకి రాలేదు. చాలాచోట్ల పొరుగు భాష లిపినే వాడుకుంటున్నారు. భారతీయ దౌత్యవేత్త డబ్ల్యూ. ఆర్. రిషి 1974లో బహుభాషా రోమానీ నిఘంటువు వెలువరించాడు. ఉత్తర మాసిడోనియాలోని షుతో ఒరిజారి పురపాలికలో రోమానీకి అధికార హోదా ఉంది.

నేర్చుకునే తెలుగువారికి వ్యాకరణంలో ఒక భాగం సులువే. ‘ఇల్లు’ను ‘ఇంటి’గా మార్చాకే ‘కి’ చేర్చినట్టు, మనుష్‌ను మనుషెస్‌గా మార్చి మనుషెస్కే (మనిషికి), మనుషెస్తర్ (మనిషి నుంచి) అంటారు. మన వ్యాకరణాల్లోని ఔపవిభక్తికం తెలిసినవారికి ఇది కొత్త కాదు. గ్రీకు నుంచీ ఆ తర్వాతా వచ్చిన నామాలకు వేరే ప్రత్యయాలు ఉండటమే అదనపు భారం. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఏ మాండలికం నేర్చుకోవాలన్నది. పుస్తకాలు ఎక్కువగా దొరికేవి వ్లాఖ్ మాండలికాలకే. అయితే చుట్టూ ఉన్నది సింతీలైతే అవి పెద్దగా అక్కరకు రావు.

పైగా సింతీలలో చాలామంది తమ భాషను బయటివారికి నేర్పరు. నాజీ పాలనలో ఎవా యుస్తిన్ అనే పరిశోధకురాలు రోమానీ మాట్లాడుతూ కుటుంబాలను మచ్చిక చేసుకుని వంశావళులు సేకరించింది. అలాంటి జాబితాలే వాళ్లను మరణ శిబిరాలకు పంపడానికి పనికొచ్చాయి. ఆ జ్ఞాపకం ఉన్నవారు నిఘంటువును చూసి అనుమానపడటంలో వింత లేదు. పక్కనే ఉన్న ఆస్ట్రియాలో బుర్గెన్‌లాండ్ రోమాలు ఇందుకు భిన్నంగా ఆలోచించారు. మారణకాండలో సముదాయమే చాలావరకు నశించి, మిగిలిన ఇళ్లలో పిల్లలు జర్మన్‌కు మారిపోతుంటే, 1990లలో వాళ్లు గ్రాజ్ విశ్వవిద్యాలయ భాషావేత్తలతో కలిసి వృద్ధుల మాటలను రికార్డు చేయించారు. ఆ మాండలికానికి అక్షరక్రమం ఏర్పరచుకుని, పిల్లలకు పాఠ్యపుస్తకాలు రాయించుకున్నారు.