పాతాళమునకు జారిన కార్లు

శిథిలాలయమును బాగుచేయునపుడు కూలిన స్తంభమునే తిరిగి నిలుపుట మేలా, క్రొత్తదానిని చెక్కించుట మేలా అను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. అదే ప్రశ్న మోటారుకార్ల విషయమునను తలయెత్తగలదని అమెరికాలో జరిగిన యొక సంఘటన తెలుపుచున్నది.

ఆ దేశమున కెంటకీ రాష్ట్రములో బౌలింగ్ గ్రీన్ అను పట్టణము కలదు. షెవర్లె వారి కార్వెట్ అను స్పోర్ట్స్ కారు 1981 నుండి అచటనే తయారగుచున్నది. ఈ కారు పుట్టిన 1953వ సంవత్సరమున చేతిపనితో 300 కార్లు మాత్రమే కూర్చిరి. అన్నియు పైకి తెలుపు, లోపల ఎఱుపు. పైతొడుగు ఇనుపరేకు కాదు, ఫైబర్‌గ్లాసు. అది త్రుప్పు పట్టదు. కాని గట్టి దెబ్బ తగిలినచో సొట్టపడక పగులును. ఈ కార్ల చరిత్రను భద్రపరచుటకు 1994లో ఆ పట్టణముననే ఒక మ్యూజియము వెలసినది.

2014 ఫిబ్రవరి 12వ తేదీన, తెల్లవారకముందే, ఆ మ్యూజియములోని గుండ్రని మందిరపు నేల హఠాత్తుగా క్రుంగి, ఎనిమిది కార్లు గోతిలో పడినవి. ఆ వేళ సందర్శకులు లేకుండుటచే ప్రాణనష్టము తప్పినది. అది సున్నపురాతి నేల. వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, కొద్దిపాటి ఆమ్లమై, వేలకొలది యేండ్లుగా రాతిని కరగించి గుహలను తొలుచును. గుహ కప్పు బరువు నోపలేనపుడు పైనేల కూలును. ప్రసిద్ధములైన మామత్ గుహలును ఆ చేరువనే కలవు.

కార్లను క్రేనుతో ఒక్కొక్కటిగా పైకి తీసిరి. 2009 నాటి 'బ్లూ డెవిల్' అను నీలికారు తన యింజను బలముతోనే కదలినది. కడపటి కారు ఏప్రిలులో గాని బయటపడలేదు. అది నుజ్జునుజ్జయి యుండెను. పరీక్షించిన పిమ్మట మూడింటిని మాత్రమే బాగుచేయుటకు నిశ్చయించిరి: ఆ నీలికారు, 1962 నాటి నల్లకారు, 1992లో తయారైన పదిలక్షవ కార్వెట్.

ఈ పదిలక్షవ కారు కథ మనము గమనింపదగినది. దానిని కూర్చిన కార్మికులు పైకి కనబడని భాగములపై తమ సంతకములు చేసియుండిరి. విరిగిన భాగమును తీసి క్రొత్తది బిగించుట సులభమే; కాని క్రొత్తదానిపై ఆ సంతకము ఉండదు. కావున మిచిగన్ రాష్ట్రపు వారెన్‌లో జనరల్ మోటార్స్ వారి పనివారు సుమారు 30 మంది, నాలుగు నెలలకు పైగా, 1,200 గంటలు శ్రమించి, సంతకములున్న భాగములను చేతనైనంతవరకు నిలిపిరి. రక్షింపరాని కొద్ది భాగములపై ఉన్న వ్రాతను మాత్రము నకలుతీసి క్రొత్తవానిపై అతికిరి. 2015 సెప్టెంబరులో ఆ కారు తిరిగి ప్రదర్శనకు వచ్చినది. నల్లకారును మ్యూజియమువారే తమ పనిశాలలో బాగుచేసి, సరిగా నాలుగేండ్లకు, 2018 ఫిబ్రవరి 12న చూపిరి.

తక్కిన యైదింటిని నలిగిన రూపముననే ఉంచిరి. వానిని బాగుచేయబూనినచో నిలుపదగినది స్వల్పము, మార్చవలసినది అధికము. మిగులునది పాత పేరు గల క్రొత్త కారు. చేసినవారి చేతిపని మిగిలియున్నంతవరకు మరమ్మతు చరిత్రను కాపాడును. అది మిగులనపుడు దెబ్బను దెబ్బగా ఉంచుటయే సత్యమునకు దగ్గరయని మేము తలంచుచున్నాము.