చదువరి కంటే ముందు శ్రోత: గ్రంథాలయాల్లో కథాశ్రవణం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు గ్రంథాలయోద్యమ చరిత్ర ప్రధానంగా సంస్థల స్థాపన, పుస్తక సేకరణ, శాసనాల చరిత్రగా నమోదైంది. ఆ ఉద్యమానికి ఊపిరి పోసిన కథాశ్రవణానికి ఈ నమోదులో తగిన స్థానం దక్కలేదు. కుటుంబమంతా కలిసి కథ వినే వేదికగా గ్రంథాలయం పోషించిన పాత్రను, ఆ వేదికపై ఎవరి కథకు చోటుంటుందన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గ్రంథాలయోద్యమం, కథాశ్రవణం, పురాణ కాలక్షేపం, ఆశ్రిత కులాలు, మౌఖిక సాహిత్యం.

1. ఉపోద్ఘాతం:
1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగిన మహాసభ ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి పునాది వేసింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటి కార్యకర్తలు ఊరూరా గ్రంథాలయాల స్థాపనకు పూనుకున్నారు. అయితే 1911 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యత సుమారు 6 శాతం మాత్రమే. నూటికి తొంభై మందికి పైగా చదవలేని సమాజంలో గ్రంథాలయం ప్రజా ఉద్యమం ఎలా కాగలిగింది? పుస్తకాల సంఖ్యలు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేవు.

2. వినికిడి ద్వారా పుస్తకం:
ఈ సమాధానం కోసం తెలుగు పల్లెలో పుస్తకానికున్న పూర్వస్థితిని గమనించాలి. పురాణ కాలక్షేపంలో ఒకరు పద్యం చదువుతారు; వారే గానీ, మరొకరు గానీ అర్థం చెబుతారు. చుట్టూ కూర్చున్న వారిలో పిల్లలు, స్త్రీలు, వృద్ధులు ఉంటారు. వారిలో అధికులకు అక్షరం రాకపోవచ్చు, కానీ భారత భాగవతాలు వారికి పరాయివి కావు. పుస్తకం ఒక్కటే, పాఠకుడు ఒక్కడే, శ్రోతలు మాత్రం ఊరంతా. ఆదిభట్ల నారాయణదాసు చేతిలో పరిణతి పొందిన హరికథ ఈ శ్రవణ సంస్కారాన్ని మరింత విస్తృతం చేసింది.

గ్రంథాలయ కార్యకర్తలు ఈ సంప్రదాయాన్ని తోసిపుచ్చలేదు. పత్రికలను బిగ్గరగా చదివి వినిపించడం, రాత్రి బడులు, హరికథలు, పురాణ పఠనం, మాయాదీప ప్రదర్శనలు గ్రంథాలయ కార్యక్రమాల్లో భాగమయ్యాయి. 1935లో పాతూరి నాగభూషణం చొరవతో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువపై నడిచిన పడవ గ్రంథాలయం పాఠకుడి వద్దకే పుస్తకం వెళ్లాలన్న ఆలోచనకు రూపమిచ్చింది. నిజాం రాజ్యంలో ఈ అవసరం మరింత తీవ్రమైనది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైతం ఉర్దూయే బోధనా భాష. అందువల్ల తెలుగు మాటను నలుగురిలో గౌరవంగా వినగలిగిన కొద్ది చోట్లలో భాషానిలయం ఒకటైంది.

3. శాసనం, లెక్క, శ్రోత:
మద్రాసు రాష్ట్రంలో 1948లో, హైదరాబాదు రాష్ట్రంలో 1955లో, ఆంధ్రప్రదేశ్‌లో 1960లో పౌర గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. గ్రంథాలయ సుంకం వల్ల దాతల దయపై ఆధారపడిన సంస్థలకు స్థిరమైన ఆదాయ మార్గం ఏర్పడింది. ఇది ఉద్యమం సాధించిన విజయమే. కానీ ప్రభుత్వ ధనంతో పాటు ప్రభుత్వ లెక్క కూడా వచ్చింది. గ్రంథాల సంఖ్య, సభ్యుల సంఖ్య, ఇచ్చిన పుస్తకాల సంఖ్య నమోదుకు అనువైనవి. తల్లి ఒడిలో కూర్చుని కథ విన్న బిడ్డ ఏ దస్తరంలోనూ సంతకం చేయదు. నమోదు కాని పనికి నిధి దొరకడం కష్టం; నిధి లేని పని క్రమేణా ఐచ్ఛికమవుతుంది. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు, వేసవి శిబిరాలకు కథ పరిమితం కావడాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

4. హార్లెం అనుభవం:
కథాశ్రవణాన్ని గ్రంథాలయ వృత్తిలోనే భాగం చేసిన దేశాల్లో అమెరికా ముఖ్యమైనది. న్యూయార్క్ పౌర గ్రంథాలయానికి చెందిన హార్లెం శాఖలో 1921లో చేరిన ప్యూరా బెల్‌ప్రే, ప్యూర్టోరికో నుంచి వలస వచ్చిన కుటుంబాలకు తరువాతి కాలంలో స్పానిష్, ఆంగ్ల భాషలు రెండింటిలోనూ కథలు చెప్పింది. తాను బాల్యంలో ఇంట విన్న ఒక కథను 1932లో పుస్తకంగా వెలువరించింది. అదే శాఖలో 1937లో చేరిన ఆగస్టా బేకర్, నల్లజాతి పిల్లలను హీనంగా చిత్రించే పుస్తకాల స్థానంలో వారిని గౌరవంగా చూపే పుస్తకాల ప్రత్యేక సేకరణను నిర్మించింది. ఆమె గౌరవార్థం సౌత్ కరోలినాలోని కొలంబియా నగరంలో స్థానిక గ్రంథాలయం, విశ్వవిద్యాలయం కలిసి 1980వ దశకం రెండో భాగంలో ఒక కథోత్సవాన్ని నెలకొల్పాయి.

ఈ చరిత్రలో ఉత్సవం చివరి మెట్టు మాత్రమే. దానికి ముందు కొన్ని దశాబ్దాలు ఎవరి భాషలో చెప్పాలి, ఏ కథలో ఎవరు ఎలా కనిపిస్తారు అన్న ప్రశ్నలతో గ్రంథపాలకులు తలపడ్డారు.

5. ఎవరి కథ?
ఇదే ప్రశ్న తెలుగు నేలకూ వర్తిస్తుంది. పురాణ కాలక్షేపం ఊరంతటిదని చెప్పినప్పటికీ, అంటరానితనం అమలులో ఉన్న ఊరిలో ‘ఊరు’ అన్న మాటకు వాడ బయటే ఉండేది. ఆ వాడకు సొంత కథకులున్నారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెబుతారు. పద్మశాలీలకు కూనపులివారు పటం విప్పి మార్కండేయ పురాణం వినిపిస్తారు. ముదిరాజులకు కాకిపడగలవారు, మల్లన్న బీరప్పల భక్తులకు ఒగ్గువారు కథకులు. చేర్యాల పటం ఒక విధంగా చదవగల గ్రంథమే. కానీ గ్రంథాలయపు బీరువా దాన్ని గ్రంథంగా గుర్తించేలా రూపొందలేదు.

ఈ కథకులను నేరుగా వేదికపైకి పిలవడంతో సమస్య తీరదు. ఆశ్రిత కులాల కథనం కళ మాత్రమే కాదు. దాత కులంపై వారికి గల హక్కు, వారి జీవనాధారం. రాత్రుల తరబడి సాగే కథను అరగంటకు కుదించి, కులమూలాలను ప్రశ్నించే ఘట్టాలను వదిలి, పిల్లల వినోదంగా ప్రదర్శిస్తే, కథ మిగిలి దాని వాదం పోతుంది. జాంబపురాణంలో జాంబవుడు సృష్టికి ముందే ఉన్నవాడన్న ప్రతిపాదన కుల శ్రేణికి ఇచ్చిన జవాబు. దాన్ని తొలగించిన కథ డక్కలివారిది కాదు.

6. ముగింపు:
గ్రంథాలయంలో కుటుంబ కథోత్సవం తెలుగువారికి దిగుమతి వస్తువు కాదు. ఉద్యమ కాలపు ఆచరణకు అది కొనసాగింపే. అయితే యథాతథ పునరుద్ధరణ సరిపోదు. కథకుని పేరు, ప్రాంతం, మాండలికం, కథనానికి పట్టిన సమయం నమోదు కావాలి. వారి సమ్మతితో ధ్వనిముద్రణ జరగాలి, ప్రతిఫలం అందాలి. అప్పుడు చెప్పిన కథ కూడా గ్రంథాలయ సంపదలో లెక్కకు వస్తుంది. శ్రోతను పాఠకుడిగా మార్చడం తొలితరం కార్యకర్తల లక్ష్యం. అక్షరాస్యత పెరిగిన నేటి కాలంలో, చదువు వచ్చిన తరాన్ని తిరిగి శ్రోతగా, అదీ తాను ఎన్నడూ వినని కథకు శ్రోతగా చేయడం స్థానిక గ్రంథాలయం ముందున్న కర్తవ్యం.