గడప దగ్గరి జానెడు చోటు

ఇంటి ప్రవేశాన్ని గురించి చరిత్ర వ్యాసమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. చాట్స్‌వర్త్‌లోనో ఫీనిక్స్‌లోనో ఒక సాయంకాలం తలుపు తీసి చూడండి. బడి సంచులు, బూట్లు, గొడుగులు, ఎవరిదో క్రికెట్ బ్యాటు, వాటి నడుమ చిన్న దీపం. ఈ చిందరవందర నిన్న పుట్టినది కాదు. దీని వెనుక నూట అరవై ఏళ్ళకు పైబడిన కథ ఉన్నది.

తెలుగు పల్లెలో వాకిలి అంటే ఒక్క తలుపు మాత్రమే కాదు. ముందుగా నీళ్ళు చల్లి ముగ్గు వేసిన నేల. తరువాత తలుపునకు ఇరుపక్కలా మట్టితో ఎత్తుగా కట్టిన అరుగు. ఆ పైన పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన గడప, ద్వారబంధం, పండుగనాడు దానిపై మామిడాకుల తోరణం. బయటినుండి వచ్చినవారు చెప్పులు విడిచి, చెంబెడు నీళ్ళతో కాళ్ళు కడుక్కొని, అరుగు మీద కాసేపు కూర్చుండి, పిలిస్తేనే లోనికి పోయేవారు. వీధికీ ఇంటికీ నడుమ ఉండే ఆ కొద్దిపాటి జాగాలోనే ఊరి మంచి చెడ్డలు నడిచేవి.

మనలో కొందరు పూర్వుల ఇళ్ళను మండువా లోగిళ్ళుగా ఊహించుకొంటారు. అటువంటి ఇళ్ళవారు కూలికై సముద్రం దాటవలసిన అవసరమేమి? వచ్చినవారిలో అధికులు పూరిళ్ళవారే. ఉత్తర కోస్తాలో తాటాకు కప్పిన చుట్టిళ్ళు ఉండేవి. చూరు నేలకు దగ్గరగా దిగి ఉండటం చేత తల వంచనిదే లోనికి పోలేము. అంతటి చిన్న ఇంటికి కూడా చూరు కింద కూర్చొనేందుకు మట్టి అరుగు ఉండేది. ఇల్లు చిన్నదైనంత మాత్రాన వాకిలి లేకపోలేదు.

మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవును చేరినది. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలు నాటాలుకు వచ్చారు. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు మీదుగా వచ్చినవారు; మన తెలుగువారూ అందులోనే ఉన్నారు. తోటల యజమానులు వారికి చూపినవి బరాకులు. వరుసగా గదులు, ఒక్కొక్క గదికి ఒక్కొక్క తలుపు, తలుపు తెరిస్తే అందరిదీ అయిన పెరడు. వంట, పడక, పొలం పనిముట్టు, తడిసిన బట్ట అన్నీ ఆ గదిలోనే. ఆ వరుసలను కట్టించినవారు ఎంతమందికి పడక చాలునని లెక్క చూసుకొన్నారే గాని, మనిషి ఇంటికి వస్తాడనే సంగతిని లెక్కలోనికి తీసుకోలేదు.

మా పెద్దలు చెప్పగా మేము విన్నది ఇది: తలుపు ముందు రెండడుగుల నేలను పేడతో అలికి అదే వాకిలి అనుకొనేవారు. పనిముట్టు బయట గోడకు ఆనించేవారు, నీళ్ళ డబ్బా తలుపు పక్కన ఉంచేవారు, దీపం లోపల గోడ గూటిలో. చెరకు పొలం బురద ఆ అలికిన నేలను దాటకూడదు. వేప దొరకని చోట దానిని పోలిన సిరింగా, అనగా మన తురకవేప, ఆకును కొమ్మలుగా కట్టుకొన్నారు. మామిడి నాటాలు తీరంలో బాగానే పెరుగుతుంది గనుక తోరణానికి లోటు రాలేదు.

డర్బన్ నగరంలో పురపాలక పనివారి కొరకు కట్టిన మ్యాగజీన్ బరాక్స్‌లో కూడా ఇదే పద్ధతి నడిచినది. అక్కడ తెలుగు, తమిళ కుటుంబాలు గోడకు గోడ ఆనుకొని బ్రతికాయి. ఒక గడపలోని మాట పక్క గడపకు వినబడేది. భాష నిలిచినదంటే అందుకు ఆ ఇరుకు కూడా ఒక కారణమని మేము తలుస్తాము, ఆ ఇరుకును మెచ్చుకొనకపోయినా.

1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఈ గడపలన్నిటినీ కదిలించినది. 1960ల నుండి వేల కుటుంబాలను చాట్స్‌వర్త్‌కు, 1970ల నడిమి కాలం నుండి ఫీనిక్స్‌కు తరలించారు. అక్కడి ఇళ్ళు చాలావరకు జంట ఇళ్ళు, ఒకే నమూనా. నీళ్ళు, విద్యుత్తు ఇంటికి వచ్చాయి, కాదనము. కాని వీధి తలుపు తీయగానే కూర్చొనే గది. నడుమ చెప్పు విడిచే చోటు లేదు. అందుచేత చేతిలో నాలుగు డబ్బులు ఆడిన ప్రతి కుటుంబమూ చేసిన మొదటి పని ఇంటి ముందు ఒక స్టూప్ కట్టుకోవడం. ఎర్రగా పాలిష్ చేసిన గచ్చు, పొట్టి గోడ, ఆ గోడ మీద సాయంకాలం ముచ్చట్లు. మనవారు తిరిగి అరుగు కట్టుకొన్నారన్నమాట. అయితే దాని పేరు ఆఫ్రికాన్స్‌లో నిలిచిపోయినది. వస్తువు తిరిగి వచ్చినది గాని, మాట రాలేదు. సాయంకాలపు తరగతిలో 'అరుగు' అనే పదాన్ని మేము నల్లబల్ల మీద చూసేనాటికి మాకు నడివయసు దాటినది. దాని మీద మాత్రం చిన్ననాటి నుండీ కూర్చుంటూనే ఉన్నాము.

తరువాత దొంగల భయం చేత స్టూప్‌లకు ఇనుప కటకటాలు వచ్చాయి. చోటు చాలక కొందరు దానిని మూసి గదిగా మార్చుకొన్నారు. మరల తలుపు నేరుగా ఇంట్లోకే.

ఇప్పటి చిన్న ఇంటికి పూర్వుల పద్ధతి పనికివస్తుందా? వస్తుంది. వారికి స్థలం అడ్డంగా లేదు, నిలువుగా ఉన్నది. పైన తోరణం, నడుమ గూటిలో దీపం, కింద కాలి మురికి. ఈ క్రమాన్ని తప్పకుండా ఉంటే గోడ మూడడుగులున్నా చాలును. బూట్లకు సన్నని అర తలుపు బయట, లేదా తలుపు పక్కనే నేలకు ఆనుకొని. ఒక్కొక్కరికి ఒక్క జతే అక్కడ ఉండాలి, తక్కినవి పడక గదికి పోవాలి. పిల్లల సంచులకు కొక్కేలు వారి చేతికి అందే ఎత్తులో. పెద్దల కొక్కేలు వారి భుజాల ఎత్తులో కొడితే పిల్లల సంచి నేల మీదనే ఉంటుంది, తరువాత వారిని కోప్పడి ప్రయోజనం లేదు. తాళపు చెవులకు దీపపు గూటిని వాడే అలవాటు మాకు నచ్చదు. వేరొక చిన్న పళ్ళెం పెట్టుకోవచ్చును. దీపం కోట్లకూ గొడుగులకూ దూరంగా, వేరే గోడన ఉండాలి. ఇది భక్తి మాట మాత్రమే కాదు, నిప్పు మాట.

వీటన్నిటికన్న ముఖ్యమైనది ఒక పొట్టి బల్ల. కింద బూట్లు పట్టేంత ఎత్తు, ఒక మనిషి కూర్చొనేంత వెడల్పు. మోకాళ్ళ నొప్పుల వయసులో నిలుచుండి బూటు లేసు విప్పడం మా వల్ల కాదు. బంధువు వచ్చి దానిపై కూర్చొని బూటు విప్పుతూ రెండు మాటలు ఆడతాడు. ఈలోగా లోపల టీ నీళ్ళు మరుగుతాయి. మా తరగతిలోని కొన్ని ఇళ్ళలో ఆ బల్లకు అరుగు అని పేరు పెట్టారు. "అరుగు మీద సంచి పెట్టకు" అని మనవలను హెచ్చరించడం ఇప్పుడు తెలుగులోనే జరుగుతున్నది. ప్లాస్టిక్ తోరణాన్ని ఏడాది పొడుగునా వేలాడదీయడం గురించి మాత్రం ఆ ఇళ్ళలో ఇంకా వాదం తెగలేదు. మామిడి చెట్టు పక్కింటివారిది కావడమే చిక్కు.