తెల్లవారుజాము కరెంటు

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు: ఈ మూడింటి మధ్య చెప్పుకోదగ్గ పెద్ద కరెంటు ప్లాంటు ఒక్కటీ లేదు. చుట్టూ మాత్రం బోలెడున్నాయి. పడమర కృష్ణ ఒడ్డున ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం, దాని పక్కనే కొండపల్లి గ్యాస్ ప్లాంటు. తూర్పున గోదావరి గట్టుకు ఇవతల విజ్జేశ్వరం, అవతల జేగురుపాడు, వేమగిరి. ఉత్తరాన ఏజెన్సీ కొండల్లో సీలేరు. అందుకే ఇక్కడ కరెంటు పోయినప్పుడల్లా ఒకటే మాట వినిపిస్తుంది: చుట్టూ ఇన్ని ప్లాంట్లు పెట్టుకుని మనకు కోతలేమిటి? ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే ఈ ప్రాంతం కరెంటు చరిత్రను మొదటినుంచీ చూస్తే అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉందని నాకు అనిపిస్తుంది. ఎన్ని మెగావాట్లు ఉన్నాయన్నది అందరూ లెక్కపెడుతున్నారు. ఆ మెగావాట్లు ఏ వేళకు అందుతున్నాయో లెక్కపెట్టేవారు తక్కువ. మన ఊళ్ళకు ఉన్నది వేళ కొరత. ఆ వేళ కూడా కాలం మారినకొద్దీ మారుతూ వచ్చింది.

డెల్టాకు మొదట్లో ఏ యంత్రంతోనూ పని లేదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీరు విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువల్లోకి మళ్ళింది. అక్కణ్ణించి పల్లం చూసుకుంటూ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా తనంతట తానే పారింది. మిగులు నీరు కొల్లేటికి దిగి, ఉప్పుటేరు గుండా సముద్రంలో కలిసింది. నీటిని నడిపించడానికి లాకులూ తూములూ చాలాయి, మోటారు అక్కరలేకపోయింది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలై కోస్తాకు కొండల కరెంటు వచ్చాక కూడా ఇక్కడ దాని పని ప్రధానంగా రెండు చోట్లే: ఊళ్ళో సాయంత్రం దీపాలు, బియ్యం మిల్లుల్లో మోటార్లు. మిల్లు పగలు ఆడుతుంది, దీపం పడుకునేదాకా వెలుగుతుంది. అర్ధరాత్రి దాటాక ఈ తీగల్లో కరెంటు ఉన్నా లేకున్నా అడిగేవారు లేరు. ఆ పాత కాలువ మీదే నిడదవోలు దగ్గర చెట్టిపేటలో రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కోకు చిన్న జలవిద్యుత్ కేంద్రం ఒకటుంది. అరమెగావాటు యంత్రాలు రెండు, కలిపి 1 మెగావాటు. కాలువలో నీరుంటేనే అది తిరుగుతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే అదీ ఆగుతుంది. ఈ 1 మెగావాటును గుర్తుంచుకోవాలి, దీనితో కాసేపట్లో పని పడుతుంది.

కరెంటు లేనిదే పంట లేదన్న పరిస్థితి మొదట వచ్చింది మెట్టలో. చింతలపూడి, జంగారెడ్డిగూడెం, కామవరపుకోట వైపు కాలువ ఎక్కదు, భూమి ఎత్తు. బోర్లు వేసుకుని పొగాకు, కొబ్బరి, మొక్కజొన్న, ఆ తరువాత పామాయిల్ పెంచారు. ఎన్టీఆర్ ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు చాలన్నది. 2004లో వైఎస్ ప్రభుత్వం ఛార్జీలే తీసేసి ఉచితం చేసింది. కానీ ఉచిత కరెంటులో చాలా భాగం వచ్చింది రాత్రిపూట. పగటి కరెంటు ఊళ్ళకూ పరిశ్రమలకూ పోగా మిగిలింది బోర్లకు ఇచ్చారు. రైతు టార్చిలైటు పట్టుకుని చీకట్లో మోటారు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. పాము కాటుకు పోయినవారు, తడి చేత్తో స్టార్టరు ముట్టుకుని పోయినవారు మెట్టలో కొత్త కాదు. ధర సున్నా అయినా వేళ తప్పు కావడంతో ఆ ఉచితానికి విలువ సగమైంది. పగలు 9 గంటలు ఇవ్వాలన్న విధానం 2019 తరువాత అమల్లోకి వచ్చాకనే ఆ తప్పు చాలావరకు సర్దుకుంది. సోలార్ కరెంటు సరిగ్గా ఆ వేళకే దండిగా వస్తుంది. మెట్ట అవసరమూ సూర్యుడి సమయమూ ఇలా ఒకచోట కలిశాయి.

ఇంతలో పల్లంలో కొత్త అవసరం పుట్టింది. కొల్లేరు అంచుల్లో వరి చేలు చేపల చెరువులయ్యాయి. 1976లో ప్రభుత్వమే సరస్సు గర్భంలో మత్స్యకార సహకార సంఘాలకు చెరువులు ఇచ్చింది. ఆ తరువాత డబ్బున్నవారు దిగారు. కైకలూరు, ఆకివీడు, భీమవరం, గణపవరం చుట్టూ బొచ్చె, శీలావతి పెంపకం పరిశ్రమ స్థాయికి చేరింది. 2009 తరువాత వనామీ రొయ్య వచ్చింది. చెరువుకు కరెంటు ఎందుకో ఈ పని తెలియనివారికి చెప్పాలి. పగలు నీటిలోని నాచు ఎండ తిని ఆక్సిజన్ విడుస్తుంది. రాత్రి అదే నాచు, చేపలు, అడుగు బురద అన్నీ ఆ ఆక్సిజన్‌నే తీసుకుంటాయి. పొద్దుపోయేకొద్దీ తరుగుతూ వచ్చి, తెల్లవారుజామున మూడింటికీ ఆరింటికీ మధ్య అడుగంటుతుంది. మబ్బు పట్టిన రోజు తరువాతి రాత్రి మరీ ప్రమాదం. అప్పుడు చేపలు పైకొచ్చి నీటి అంచున నోళ్ళు తెరుస్తాయి. ‘చేప తేలింది’ అంటారు. రొయ్య అయితే ఆ మాత్రం హెచ్చరిక కూడా ఇవ్వకపోవచ్చు. అందుకే ఏరియేటర్లు. నీటి మీద తేలే చట్రం, దానికి రెక్కల చక్రాలు, నడిపే మోటారు సాధారణంగా 2 హెచ్‌పీ. బొచ్చె, శీలావతి చెరువులకు కొన్ని చాలు, రొయ్యల చెరువుకు ఎక్కువ కావాలి. ఈ ప్రాంతం చరిత్రలో మొదటిసారి, ఊరంతా నిద్రపోయే వేళకు ప్రాణావసరంగా కరెంటు కావలసి వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. రెండెకరాల రొయ్యల చెరువులో ఎనిమిది ఏరియేటర్లు ఉన్నాయనుకుందాం. 16 హెచ్‌పీ అంటే దాదాపు 12 కిలోవాట్లు. రాత్రి పది గంటలు తిరిగితే 120 యూనిట్లు. ప్రభుత్వం ఆక్వాకు యూనిట్ ధర 3.86 రూపాయల నుంచి 2018లో 2 రూపాయలకు, 2019లో రూపాయిన్నరకు తగ్గించింది. రూపాయిన్నర లెక్కన ఆ రాత్రి బిల్లు 180 రూపాయలు, పాత ధరకైతే 463. ఇప్పుడు కరెంటు ఒక్క గంట పోయిందనుకోండి. జనరేటరు ఎక్కించాలి. లీటరు డీజిల్‌కు మూడు యూనిట్లు, మహా అయితే మూడున్నర వస్తాయి. లీటరు వందకు అటూ ఇటూ ఉంటే యూనిట్ 30 రూపాయల చుట్టూ పడుతుంది. గంటకు 12 యూనిట్లంటే 360 రూపాయలు. అంటే ఒక్క గంట కోత ఖర్చు రెండు రాత్రుల రాయితీ బిల్లుతో సమానం. ఆ రాత్రి రాయితీ ఇచ్చిన లాభం 283 రూపాయలను ఆ ఒక్క గంటే మింగేసి ఇంకా అడుగుతుంది. జనరేటరు స్టార్టు కాకపోతే పోయేది నెలల తరబడి పెట్టిన మేత, పిల్ల, కూలి. ఇక చెట్టిపేట 1 మెగావాటును ఈ 12 కిలోవాట్లతో భాగిస్తే 83 చెరువులు, 166 ఎకరాలు. కాలువ నిండా నీరున్నప్పుడు ఆ కేంద్రం మొత్తం మోయగలిగేది అంత. మన నేల మీద తయారయ్యే కరెంటుకూ మన చెరువులు తాగే కరెంటుకూ ఉన్న దూరం ఇంతకంటే స్పష్టంగా కనిపించదు.

ఆ దూరం పూడ్చడానికి అసలు తగిన సరుకు మన పక్కనే దొరికింది, అదే గ్యాస్. గ్యాస్ ప్లాంటును బొగ్గు ప్లాంటులా రోజుల తరబడి ఒకే వేడి మీద ఉంచక్కరలేదు, త్వరగా పెంచవచ్చు, త్వరగా దించవచ్చు. సాయంత్రం నుంచి తెల్లారేదాకా నడిపి, ఎండ వచ్చాక తగ్గించడానికి అనువైనది అదే. నర్సాపురం దగ్గర ఓఎన్‌జీసీకి 1970ల చివర్లో గ్యాస్ పడింది. 1990ల నుంచి విజ్జేశ్వరంలో 272 మెగావాట్లు, జేగురుపాడులో, కాకినాడలో, కొండపల్లిలో ఒకదాని తరువాత ఒకటి ప్లాంట్లు లేచాయి. మన తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న డీ6 గ్యాస్ క్షేత్రం నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాస్ రావడం మొదలై, 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లకు అటూ ఇటూ చేరింది. అది చూసి వేమగిరి, గౌతమి, కోనసీమ ప్లాంట్లు ఊపిరి పీల్చుకున్నాయి. సామర్లకోటలో 2,400 మెగావాట్ల విస్తరణ మొదలుపెట్టారు. ఆ తరువాత డీ6 ఉత్పత్తి అనుకున్నదానికి చాలా కిందికి పడిపోయింది. 2013 కల్లా కరెంటు ప్లాంట్లకు ఆ గ్యాస్ ఆగింది. సామర్లకోట కొత్త ప్లాంటు ఒక్క యూనిట్ కూడా అమ్మలేదు. దాని యంత్రాల్లో కొన్ని బంగ్లాదేశ్ వెళ్ళాయి. ప్రమాదం మాత్రం మన వాటాకు వచ్చింది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పేలిన గొట్టం తాటిపాక నుంచి కొండపల్లి ప్లాంటుకు గ్యాస్ తీసుకుపోయేది, అందులో ఇరవై మందికి పైగా కాలిపోయారు. గోదావరి జిల్లాలు గ్యాస్‌కు నేలనిచ్చాయి, ప్రాణాలనిచ్చాయి. అదే గ్యాస్‌తో తెల్లవారుజాము అవసరాన్ని గట్టెక్కించే ఏర్పాటు నిలబడలేదు. కట్టిన మెగావాట్లు కాగితం మీద అలాగే ఉన్నాయి. 2012-13లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చినప్పుడు ఆ అంకెలు ఎవరినీ ఆదుకోలేదు.

తెల్లవారుజాముకు నమ్మకంగా కరెంటు అందాలన్న ఈ మాటకు మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, చౌక కరెంటు ఇస్తేనే ఇంత వాడకం వచ్చింది, అసలు ధర వసూలు చేస్తే రద్దీ దానంతటదే తగ్గుతుందని. కొంత నిజమే. పదెకరాలు దాటినవారికి, ఆక్వా జోన్ బయట ఉన్నవారికి రూపాయిన్నర రాయితీ తరువాత ఆపేశారు, అది సబబే. కానీ పై లెక్కలో చూశాం: రైతు గంట కోతకు యూనిట్‌కు 30 రూపాయలు పెట్టడానికి సిద్ధపడుతున్నాడు. అలాంటివాడు ధర పెరిగిందని మూడు గంటల వేళ చక్రం ఆపడు. ఆపితే చెరువే పోతుంది. ధర పెంచితే చిన్న రైతు చెరువు పెద్దవాడికి లీజుకు పోతుంది, వాడకం మాత్రం అలాగే ఉంటుంది. రెండోది, సోలార్ ఇంత చౌకైంది, చెరువు గట్ల మీదే పలకలు పెట్టుకోవచ్చు కదా అని. పగటిపూట మోటార్లకు, ఐస్ ప్లాంట్లకు, మేత గోదాములకు పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి. అయితే చెరువుకు కరెంటు కావలసిన వేళ సూర్యుడు ఉండడు. నాచూ సోలార్ పలకా ఒకే ఎండ మీద బతుకుతాయి. మబ్బు రోజు రెండూ ఒకేసారి చేతులెత్తేస్తాయి. చెరువుకు అత్యంత ప్రమాదకరమైన రాత్రి సోలార్ అతి తక్కువ నిలవ చేసిన రోజు తరువాతే వస్తుంది. మెట్టకు కుదిరిన మందు పల్లానికి కుదరకపోవడం అందుకే.

మూడోది అన్నిటికంటే బరువైన అభ్యంతరం, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కొల్లేరు మంచినీటి సరస్సు. +5 కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో లోపలి చెరువు గట్లను పేల్చి కొట్టేశారు. ఆటపాకలో గూడకొంగలు గుడ్లు పెట్టే చోటికి చెరువు గట్లు మళ్ళీ మళ్ళీ పాకుతూ వస్తూనే ఉన్నాయి. గట్లు అడ్డం పడితే బుడమేరు, తమ్మిలేరు వరద నీరు నిలిచి ఏలూరు పల్లపు పేటల మీదికి తన్నుతుంది. ఇలాంటి చెరువులకు నిక్కచ్చిగా కరెంటు ఇవ్వాలనడం సరస్సు హత్యకు తోడ్పడటం కాదా? కాంటూరు లోపల అవును. అక్కడ ఒక్క స్తంభం కూడా చెరువు కోసం పాతకూడదు. అయితే కాంటూరు బయట, పట్టా భూముల్లో, అనుమతి తీసుకుని పెంచుతున్న చెరువులు వేరు. వాటిని లోపలి చెరువులతో కలిపి చూస్తే రెండు నష్టాలు జరుగుతాయి. చట్టం పాటించినవాడికి శిక్ష పడుతుంది, పాటించనివాడు డీజిల్ ఇంజను పెట్టుకుని పని కానిస్తాడు. డీజిల్ ఇంజను ఎక్కడుందో ఏ ఆఫీసుకూ తెలియదు. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుందో, దాని మీద ఎన్ని మీటర్లున్నాయో, రాత్రి మూడింటికి ఎంత లాగుతోందో మాత్రం పంపిణీ సంస్థకు తెలుస్తుంది. 2020లో ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం వచ్చాక లైసెన్సు ఉన్న చెరువేదో లేనిదేదో తేల్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆ లైసెన్సునూ కరెంటు మీటరునూ ముడివేస్తే కొల్లేరు కాపలాకు అటవీ శాఖ పడవల కంటే కరెంటు తీగే ఎక్కువ పనికొస్తుంది. సరస్సును కాపాడటమూ బయటి రైతుకు నమ్మకంగా కరెంటు ఇవ్వడమూ ఒకే మీటరు నుంచి జరగాల్సిన పనులు.

మన చరిత్రలో ఇందుకు అడ్డుపడిన విచిత్రం ఒకటుంది. చాలా కాలం కొల్లేరు రెండు జిల్లాల మధ్య చీలి ఉంది. ఏలూరు వైపు తీగలు విశాఖ కేంద్రంగా ఉన్న పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ చేతిలో ఉండేవి. కైకలూరు వైపు మొదట తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్‌పీడీసీఎల్, తరువాత విజయవాడలోని సీపీడీసీఎల్ చూశాయి. ఒకే సరస్సు, ఒకే చేప, ఒకే తెల్లవారుజాము, లెక్కలు మాత్రం రెండు చోట్ల. 2022 ఏప్రిల్ 4న కైకలూరుతో కలిపి ఏలూరు జిల్లా ఏర్పడింది. ఆ పాలనా మార్పు కరెంటు లెక్కల్లో కూడా కనిపించాలి. చెరువుల ఫీడర్లను ఊరి ఫీడర్ల నుంచి విడదీయడం, మెట్ట బోర్లకు చేసినట్టే వీటికీ వేరుగా లెక్క కట్టడం మొదటి మెట్టు. వేళను బట్టి ధర పెట్టదలిస్తే అది కూడా అప్పుడే సాధ్యం.

ఇక ఆ వేళకు కరెంటు ఎక్కడినుంచి రావాలంటే సమాధానం మళ్ళీ పాత కొండల్లోనే ఉంది. ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, దిగువన 460 మెగావాట్లు ఇప్పటికే ఉన్నాయి. ఎగువ సీలేరు దగ్గరే 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రాన్ని జెన్‌కో తలపెట్టింది. పగలు మిగిలిన సోలార్ కరెంటుతో నీటిని పైకి తోడి నిలవ చేసి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే ఏర్పాటది. మధ్యాహ్నం మిగిలిన ఎండను తెల్లవారుజాముకు దాచిపెట్టే కుండ అనవచ్చు. తోడిన కరెంటులో దాదాపు అయిదో వంతు దారిలో పోతుంది నిజమే. దాన్ని యూనిట్‌కు 30 రూపాయల డీజిల్‌తో పోల్చి చూడాలి, మధ్యాహ్నపు సోలార్ ధరతో కాదు. ఆ కేంద్రం వచ్చినా దాని గుణం కైకలూరు చెరువుకు తెలియాలంటే చివరి పది కిలోమీటర్లు గట్టిగా ఉండాలి. మెత్తటి బురద నేలలో ఒరిగిన స్తంభాలు, ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఇన్సులేటర్లు, అయిదు హెచ్‌పీల చోట పదిహేను లాగుతున్న ట్రాన్స్‌ఫార్మర్లు, నాలుగు ఊళ్ళకు ఒక్కడే లైన్‌మన్. రాత్రి మూడింటికి ఫ్యూజు పోతే అతను గట్ల మీదుగా బండి వేసుకుని వచ్చేసరికి పట్టే ముప్పావుగంట గురించి ఏ ప్లాంటు శంకుస్థాపనలోనూ మాట రాదు. చెరువులో ఆక్సిజన్ అయిపోవడానికి ఒక్కోసారి అంత కూడా పట్టదు.