మూడింట రెండు వంతులు: ఆగిపోయిన ఒక రాజ్యాంగ సవరణ కథ

రాజ్యాంగ సవరణ అంటే మనకి పెద్ద వార్తేమీ కాదు. 1950 నుంచి ఇప్పటికి వంద పైగా సవరణలు చేసుకున్నాం. అమెరికావాళ్ళు మాత్రం రెండొందల ముప్ఫై ఏళ్ళు దాటినా 27 దగ్గరే ఉన్నారు. అక్కడ మామూలు దారిలో సవరణ జరగాలంటే ఉభయసభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. అది చాలదన్నట్టు ఆ తర్వాత 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. ఇదేం మొండి సిస్టమ్ రా బాబూ అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. స్వలింగ వివాహాల్ని రాజ్యాంగంలోనే నిషేధించెయ్యాలని అక్కడ జరిగిన ప్రయత్నం గురించి చదివాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

కథ హవాయిలో మొదలైంది. పెళ్ళి లైసెన్సు ఇవ్వలేదని మూడు జంటలు కోర్టుకెళ్తే, 1993లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు "ఇది లింగవివక్షలాగే ఉంది, గట్టి కారణం చూపించండి" అని ప్రభుత్వాన్ని నిలదీసింది. అంతే, మిగతా రాష్ట్రాల్లో కంగారు మొదలు. హవాయిలో పెళ్ళి చేసుకుని వచ్చి మా ఊళ్ళో కాపురం పెడితే మేమూ గుర్తించాలా అని! 1996లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ఒక రాష్ట్రంలో జరిగిన స్వలింగ వివాహాన్ని ఇంకో రాష్ట్రం గుర్తించక్కర్లేదు, కేంద్రం దృష్టిలో పెళ్ళంటే ఒక మగ, ఒక ఆడ మాత్రమే అని. ప్రతినిధుల సభలో 342-67, సెనేటులో 85-14. సంతకం పెట్టింది డెమొక్రాట్ అయిన క్లింటనే. గమనించారా, ఆ ఓట్లు మూడింట రెండు వంతులు దాటిపోయాయి. కానీ అప్పటికి చట్టం చాలనుకున్నారు.

2003 నవంబరులో మసాచుసెట్స్ సుప్రీంకోర్టు 4-3 తీర్పుతో స్వలింగ వివాహాలకి దారి తెరిచింది. 2004 ఫిబ్రవరి 24న బుష్ టీవీల ముందుకొచ్చి రాజ్యాంగ సవరణ కావాలన్నాడు. ఆయన వాదన ఏమిటంటే, వేల ఏళ్ళ నాటి వ్యవస్థని నలుగురు జడ్జీలు మార్చెయ్యడం ఏమిటి, ప్రజలు చెప్పాలి కదా అని. నిజానికి ఇది తీసిపారేసే వాదన కాదు. ఎన్నికవ్వని జడ్జీలకి ఎంత అధికారం ఉండాలన్నది మన దగ్గరా ఉన్న ప్రశ్నే.

తమాషా ఏమిటంటే ఈ సవరణకి అడ్డుపడినవాళ్ళలో స్వలింగ వివాహాలు ఇష్టంలేనివాళ్ళు కూడా ఉన్నారు. పెళ్ళి సంగతి రాష్ట్రాలు చూసుకుంటాయి, వాషింగ్టన్ కెందుకు అని సొంత పార్టీ మెకెయినే వ్యతిరేకించాడు. 1996 చట్టాన్ని ప్రవేశపెట్టిన బాబ్ బార్ కూడా వద్దన్నాడు. కూతురు లెస్బియన్ అయిన ఉపాధ్యక్షుడు చెయినీ కూడా ఇది రాష్ట్రాలకి వదిలెయ్యాల్సిన విషయమన్నాడు. 2004 జులైలో సెనేటులో చర్చ ముగించి ఓటింగుకి వెళ్ళడానికి 60 ఓట్లు కావాలి, వచ్చినవి 48. అధ్యక్ష ఎన్నికల బరిలో ఉన్న కెర్రీ, ఎడ్వర్డ్స్ ఆ రోజు ఓటుకే రాలేదు (రాజకీయం ఎక్కడైనా ఒకటే). సెప్టెంబరులో ప్రతినిధుల సభలో 227-186. మెజారిటీ ఉంది కానీ మూడింట రెండు వంతులు లేవు. 2006లో మళ్ళీ ప్రయత్నిస్తే సెనేటులో 49-48, ప్రతినిధుల సభలో 236-187. మళ్ళీ అదే గోడ.

రాష్ట్రాల్లో ఆ గోడ లేదు. చాలాచోట్ల ఓటర్లలో మామూలు మెజారిటీ చాలు. 2004 నవంబరు 2న ఒక్కరోజే 11 రాష్ట్రాలు తమ రాజ్యాంగాల్లో నిషేధం రాసేసుకున్నాయి. 2012కల్లా ఆ లెక్క సుమారు 30కి చేరింది.

ఇక్కడ ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి. 1912లో నల్లజాతి బాక్సర్ జాక్ జాన్సన్ ఒక తెల్లమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడని గొడవ రేగితే, జార్జియాకి చెందిన రాడెన్‌బెరీ అనే సభ్యుడు అలాంటి పెళ్ళిళ్ళని దేశమంతటా నిషేధించే రాజ్యాంగ సవరణ ప్రతిపాదించాడు. నెగ్గలేదు. రాష్ట్రాల చట్టాలు మాత్రం ఉండేవి. ఆ రోజుల్లో కాలిఫోర్నియాకి వలసవెళ్ళిన పంజాబీ రైతుల్లో చాలామంది మెక్సికన్ స్త్రీలని పెళ్ళాడటానికి ఈ చట్టాలు కూడా ఒక కారణం. 1967లో అమెరికా సుప్రీంకోర్టు వాటన్నిటినీ కొట్టేసింది. అప్పటికింకా 16 రాష్ట్రాల్లో అవి బతికే ఉన్నాయి. 1912 సవరణ గనక నెగ్గుంటే? జడ్జీలు ఎంత మంచివాళ్ళైనా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. చట్టాన్ని కోర్టు కొట్టెయ్యగలదు, రాజ్యాంగంలోనే రాసేసినదాన్ని ఏం చేస్తుంది?

సరిగ్గా అదే 2004లో తప్పిపోయింది. న్యూయార్కులో ఈడిత్ విండ్సర్ అనే పెద్దావిడ, నలభై ఏళ్ళు కలిసి బతికిన తన సహచరి చనిపోతే, కేంద్రం దృష్టిలో "భార్య" కాదు కాబట్టి 3,63,000 డాలర్ల పైచిలుకు వారసత్వ పన్ను కట్టాల్సొచ్చింది. ఆవిడ కేసులోనే 2013లో సుప్రీంకోర్టు 1996 నిర్వచనాన్ని 5-4తో కొట్టేసింది. అదెక్కడో వాళ్ళ గొడవ అనుకోకండి. హెచ్4 వీసా అంటే మనలో తెలియనిదెవరికి? 2013 దాకా స్వలింగ జంటకి, పెళ్ళి సర్టిఫికెట్ ఉన్నా సరే, అది దొరికేది కాదు. ఆ తీర్పు తర్వాతే దొరుకుతోంది. ఆ జంటల్లో మన తెలుగువాళ్ళు ఉండరని ఎలా అనుకుంటాం? 2015లో పెళ్ళి హక్కు దేశమంతటికీ వచ్చింది, అదీ 5-4 తోనే. 2022లో కాంగ్రెసే 1996 చట్టాన్ని రద్దుచేసింది.

గాలప్ సర్వేల ప్రకారం స్వలింగ వివాహాలని సమర్థించినవాళ్ళు 1996లో 27 శాతం, 2023లో 71 శాతం. జనం మారారు. కానీ ఆ సవరణ గనక నెగ్గుంటే జనం మారినా లాభం లేదు. దాన్ని తీసెయ్యడానికి మళ్ళీ 38 రాష్ట్రాలు కావాలి, 13 రాష్ట్రాలు కాదంటే ఆగిపోతుంది. అక్కడ ఒకసారి చేసి వెనక్కి తీసుకున్న సవరణ ఇప్పటికి మద్యనిషేధం ఒక్కటే. రాష్ట్రాలేమో ఇప్పుడు చెత్త ఊడ్చుకుంటున్నాయి. 2024లో కాలిఫోర్నియా, కొలరాడో, హవాయి ఓటర్లు తమ రాజ్యాంగాల్లోని ఆ వాక్యాల్ని తీసేశారు. చాలా రాష్ట్రాల్లో ఇంకా అలాగే పడున్నాయి, రన్ అవ్వని కోడ్ లాగా. 2015 తీర్పు ఎప్పుడైనా తిరగబడితే మళ్ళీ రన్ అవుతాయి కూడా, అదీ భయం.

మన సంగతంటారా, హైదరాబాదు జంట ఒకటి వేసిన పిటిషన్ మీద 2023 అక్టోబరులో మన సుప్రీంకోర్టు, పెళ్ళి ప్రాథమిక హక్కు కాదు, చట్టసభలు చూసుకోవాలి అని చెప్పింది. కాబట్టి ఈ చర్చ మన పార్లమెంటుకీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. రావాలి కూడా. ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పుకోవచ్చు, ఓట్లు వేసుకోవచ్చు, ఓడిపోవచ్చు.

నా పాయింటు ఒక్కటే. ఈరోజు మనకి మెజారిటీ ఉంది కదా అని రేపటివాళ్ళు మార్చుకోలేనిచోట రాసెయ్యకూడదు. విలువల్ని హార్డ్‌కోడ్ చేస్తే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?