శ్వేతకేతువు చెప్పిన రెండో సగం

ఆలుమగల మధ్య కట్టుబాటు అనాదిగా ఉన్నదేనని పెద్దలు అంటారు. మహాభారతం మాత్రం దానికీ ఒక మొదలు ఉందంటుంది. ఒకప్పుడు స్త్రీలు తమ ఇష్టం వచ్చినట్టు ఉండేవారని, అదే ధర్మంగా చెల్లిందని ఆదిపర్వంలో పాండురాజు కుంతికి చెబుతాడు. ఒకనాడు ఉద్దాలకుడి ఎదుటే ఒక బ్రాహ్మణుడు అతని భార్య చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. తండ్రి ఊరుకున్నా కొడుకు శ్వేతకేతువు ఊరుకోలేదు. భర్తను దాటిపోయిన భార్యకు పాపమని కట్టడి చేశాడు. పతివ్రత అయిన భార్యను దాటిపోయిన భర్తకూ అదే పాపమన్నాడు. మొదటి సగాన్ని లోకం శిలాశాసనం చేసుకుంది. రెండో సగాన్ని గాలికి వదిలేసింది. ప్రేమ, పెళ్లి, శీలం గురించి మన సమాజం నడిచివచ్చిన దారిని వెనక్కి తిరిగి చూస్తే నాకు అడుగడుగునా కనబడేది ఈ మరుపే.

అయితే ఈ దారి ఎప్పుడూ ఒకేలా లేదు. శాతవాహనుల కాలం నాటిదని చెప్పే హాలుడి గాథాసప్తశతిలో గోదావరి ఒడ్డు పల్లె ఆడవాళ్లు కోరికను దాచుకోరు. పొలాల్లో, పొదరిళ్లలో రహస్యంగా కలుసుకుంటారు, మొగుణ్ణి ఏమారుస్తారు, ప్రియుడు రాకపోతే కుమిలిపోతారు. ఆ గాథలను ఏరికూర్చినవాడు ఒక రాజు. వాటిని అలంకారశాస్త్ర పండితులు ధ్వనికి ఉదాహరణలుగా తలకెత్తుకున్నారు. పదిహేడో శతాబ్దంలో క్షేత్రయ్య పదాల్లో స్వీయ, పరకీయ, సామాన్య ముగ్గురూ మువ్వగోపాలుడిని నిలదీస్తారు. నిన్న రాత్రి ఎక్కడున్నావని అడిగే హక్కు అక్కడ ఆడదానికి ఉంది. పాటలోనే ఉందనుకోండి, ఆ పాటను దేవుడి ముందూ రాజు ముందూ పాడారు.

ఆ తర్వాతి శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, ఆపైన అసూయతో రగిలిపోయే రాధ కథ అది. చివరికి రాధను బతిమాలుకోవలసినవాడు కృష్ణుడే. రాసినది స్త్రీ, అలిగినది స్త్రీ, కోరికను నోరారా చెప్పినదీ స్త్రీయే. కందుకూరి వీరేశలింగం దాన్ని తీవ్రంగా నిందించారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని అచ్చువేయిస్తే, మరుసటి ఏడు ప్రభుత్వం అశ్లీలమని ప్రతులను స్వాధీనం చేసుకుంది. మగకవులు అంతకంటే పచ్చిగా రాసినవాటి మీద రాని కోపం దీని మీద ఎందుకు వచ్చిందని నాగరత్నమ్మ వేసిన ప్రశ్న ఇప్పటికీ నిలిచే ఉంది.

వీరేశలింగాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయలేను. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించడానికి ఆయన పడిన వెలి, బెదిరింపులు తక్కువవి కావు. ఆ రోజుల్లో పెళ్లి అంటే ఏమిటో గురజాడ 1897లో ‘కన్యాశుల్కం’ తొలి పీఠికలో అంకెలతో చూపించారు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో సేకరింపించిన జాబితాలో, మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాలు 1034. ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పిల్లలు పెద్దయ్యేలోగా ముసలి మొగుడు పోతే, తల గొరిగించి మూల కూర్చోబెట్టి శీలం కాపాడుకోమనేవారు. ఆ ఇంటి మగవాడు సానివాడకు వెళ్లివస్తే పరువుకు లోటు లేదు. గురజాడ ఆ సానినే మధురవాణిగా తెచ్చి, పెద్దమనుషులందరికంటే ఎత్తులో నిలబెట్టారు.

1927లో చలం ‘మైదానం’ వచ్చింది. ప్లీడరు భార్య రాజేశ్వరి అమీర్‌తో లేచిపోయింది. అంతవరకు స్త్రీ కష్టాన్ని చూసి జాలిపడిన సంస్కరణ, ఆమె కోరికను చూసి బెదిరిపోయింది. చలాన్ని తిట్టినవాళ్లే ఆయన పుస్తకాలను దిండు కింద పెట్టుకుని చదివారు.

టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ కాలంలో ముద్దుపళని కావ్యం మీద నిషేధం తొలగింది. ఆ వెంటనే 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. పసిపిల్లలను గుడికి ముడివేసే అన్యాయం పోవలసిందే. కానీ క్షేత్రయ్య పదాన్ని తరతరాలుగా గొంతులో దాచుకున్న కళావంతుల ఇళ్ల ఆడవాళ్లకు మిగిలింది అవమానమే. వాళ్ల దగ్గరికి వెళ్లిన జమీందారులకు ఏ మచ్చా అంటలేదు.

1955 హిందూ వివాహ చట్టం మగవాడికీ ఒకే భార్య అని తేల్చింది, విడాకులకు దారి తెరిచింది. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1983లో ఇంకో అడుగు ముందుకు వేసింది. కాపురానికి రమ్మని భార్యను కోర్టు ద్వారా బలవంతపెట్టే, ఆ చట్టంలోని తొమ్మిదో సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని టి. సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పు చెప్పారు. ఆమె శరీరం ఆమెదేనని అంత సూటిగా చెప్పిన తీర్పు తెలుగు నేల మీద వచ్చినందుకు నాకు గర్వంగా ఉంటుంది. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ సెక్షన్‌ను సమర్థించడంతో ఆ తీర్పు నిలవలేదు.

ఇక 2018 సెప్టెంబరు. 6న స్వలింగ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. 27న శిక్షాస్మృతిలో వ్యభిచార నేరానికి సంబంధించిన 497 సెక్షన్‌ను కొట్టేసింది. పరాయివాడి భార్యను అతని అనుమతి లేకుండా కూడితే నేరం, అనుమతి ఉంటే కాదు అనేది 1860 నాటి ఆ సెక్షన్ సారం. మొగుడు దారి తప్పితే భార్య ఫిర్యాదు చేయడానికి అందులో చోటే లేదు. ఆ రెండు తీర్పుల నడుమ, 14న మిర్యాలగూడలో, గర్భిణిగా ఉన్న భార్య కళ్లెదుటే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. కులం దాటి ప్రేమించి పెళ్లి చేసుకోవడమే అతని నేరం. చంపించింది ఆ అమ్మాయి తండ్రే. న్యాయస్థానం ఎంత దూరం వెళ్లిందో, వీధి ఎంత వెనక ఉండిపోయిందో ఆ ఒక్క నెల చూపించింది.

2024 జులై 1 నుంచి ఆ పాత శిక్షాస్మృతి స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 497 లాంటి సెక్షన్ లేదు. అదే సంహిత 63వ సెక్షన్‌లో పాత మినహాయింపు ఒకటి పదిలంగా ఉంది: పద్దెనిమిదేళ్లు నిండిన భార్యతో భర్త జరిపే సంభోగం, ఆమెకు ఇష్టం లేకపోయినా, అత్యాచారం కిందికి రాదు.